సెన్సరు తీగకు దారి: పాత గ్రోమెట్టా, కొత్త రంధ్రమా?

విడిగా కొన్న ఆయిల్ ప్రెషర్ మీటరునో, ఎగ్జాస్ట్ పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే వైడ్‌బ్యాండ్ మీటరునో డ్యాష్‌బోర్డు మీద బిగించడానికి పది నిమిషాలు చాలు. బానెట్ కింద ఉన్న సెన్సరు తీగను క్యాబిన్‌లోకి తేవడానికి మాత్రం ఒక పూట పడుతుంది. మధ్యలో అడ్డుగా ఉండే రేకు గోడ, అంటే ఫైర్‌వాల్, ఇంజిన్ వేడిని, పొగను, నీటిని, చప్పుడును లోపలికి రానివ్వదు కనుక, దానిలో మనం తెరిచిన దారిని మళ్లీ అంతే గట్టిగా మూయవలసి ఉంటుంది. అందుకు ప్రధానంగా మూడు దారులున్నాయి: వాడకుండా వదిలేసిన రంధ్రానికి ఉన్న రబ్బరు బిరడా, కంపెనీ వైరింగ్ వెళ్లే గ్రోమెట్ (రేకు అంచు తీగను కోయకుండా రంధ్రంలో బిగించే రబ్బరు వలయం), కొత్తగా తొలిచే రంధ్రం. ఫెండరు లోపలి నుండి తలుపు సందు గుండా తీగ లాగేవారూ ఉన్నారు గాని, తలుపు మూసిన ప్రతిసారీ తీగ నలిగే ఆ పద్ధతిని ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ముందుగా వెదకవలసింది బిరడానే. చాలా మోడళ్లను కుడి స్టీరింగుకూ ఎడమ స్టీరింగుకూ పనికివచ్చేలా తయారుచేస్తారు కాబట్టి, మన కార్లలో ఎడమ వైపున, అంటే గ్లవ్‌బాక్సు వెనుక భాగంలో, మూసివేసిన రంధ్రం ఒకటి దొరికే అవకాశం ఉంది. కొన్నిసార్లు చప్పుడును ఆపే దళసరి పరుపు దానిని కప్పివేస్తుంది. ఆ బిరడాను తీసి, అదే కొలత గల గ్రోమెట్‌ను బిగించి తీగను పంపితే, కారు అసలు వైరింగ్ జోలికి పోనవసరం ఉండదు. పని చెడినా పోయేది ఒక రబ్బరు ముక్క మాత్రమే.

అటువంటి రంధ్రం లేనప్పుడు చాలామంది మెకానిక్‌లు కంపెనీ గ్రోమెట్ వైపే చూస్తారు. కొన్ని గ్రోమెట్లకు చివర మూసి ఉన్న సన్నని రబ్బరు మొన ఉంటుంది. దాని కొన కోస్తే తీగకు దారి సిద్ధమవుతుంది. మొన లేకపోతే రబ్బరును గుచ్చక తప్పదు, ప్రమాదం ఉన్నదీ అక్కడే. ఆ గ్రోమెట్ నడుమ నుండి వెళ్లే కట్టలో ఇంజిన్ కంప్యూటరు తీగలు, కొన్ని కార్లలో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తీగలు కూడా ఉంటాయి. మొనదేలిన స్క్రూడ్రైవరుతో పొడిస్తే వాటిలో ఏదో ఒకదాని ఇన్సులేషన్ చిట్లవచ్చు, ఆ దెబ్బ ఆరు నెలల తరువాత వానాకాలంలో ఎప్పుడో బయటపడవచ్చు. కట్టకు దూరంగా రబ్బరు అంచు దగ్గర చిన్న గాటు పెట్టి, కొన గుండ్రంగా అరగదీసిన సైకిల్ పుల్లకు తీగను టేపుతో చుట్టి, సబ్బు నీళ్లు రాసి మెల్లగా తోయడం మేలు. రెండు మూడు సన్నని తీగలకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది.

చిక్కు వచ్చేది తీగ చివర కనెక్టరు ఉన్నప్పుడు. వైడ్‌బ్యాండ్ మీటర్లలో విరివిగా వాడే బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సరునే తీసుకుందాం. దాని కనెక్టరులోనే ఆ సెన్సరుకు సరిపోయేలా అమర్చిన కాలిబ్రేషన్ రెసిస్టరు, అంటే కొలతను సరిచేసే చిన్న భాగం, ఉంటుంది. కనెక్టరు గ్రోమెట్‌లో పట్టడం లేదని సెన్సరు వైపు దానిని కత్తిరించి పారేసి వేరొకటి వేస్తే, మీటరు అంకెలు చూపుతూనే ఉంటుంది గాని ఆ అంకెలను నమ్మలేము. కోయక తప్పనప్పుడు మీటరు కంట్రోలరు నుండి వచ్చే పొడిగింపు కేబులును కోయాలి, లేదా దాని కనెక్టరు నుండి పిన్నులను ఊడదీసి ఒక్కొక్కటిగా దాటించాలి. ఎగ్జాస్ట్ వేడిని కొలిచే కె-టైప్ థర్మోకపుల్ ఇంకా సున్నితమైనది. అది డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు మాత్రమే పుట్టిస్తుంది; మధ్యలో మామూలు రాగి తీగతో అతుకు వేస్తే, ఆ అతుకు దగ్గరి వేడి మారినప్పుడల్లా కొలత తప్పుతుంది. దానిని పొడిగించడానికి కె-టైప్ తీగనే వాడాలి.

కొత్త రంధ్రానికి న్యాయం చేకూరేది ఇటువంటి సందర్భాలలోనే. కనెక్టరు కోయకుండా దాటేంత పెద్ద గ్రోమెట్‌ను ముందుగా కొని, దాని గాడి కొలత ప్రకారమే రంధ్రం తొలవాలి. బ్యాటరీ నెగెటివ్ తీసివేసి, ఫైర్‌వాల్‌కు రెండు వైపులా బ్రేకు బూస్టరు, బ్రేకు గొట్టాలు, ఏసీ పైపులు ఎక్కడున్నాయో చూసుకున్న తరువాతే డ్రిల్లు పట్టాలి. లోపలి పరుపును ఆ మేరకు కోసి తీయకపోతే దాని పీచు డ్రిల్లు బిట్టుకు చుట్టుకుంటుంది. తొలిచాక అంచును ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టకుండా ప్రైమరు పూసి, అది ఆరిన తరువాత గ్రోమెట్ బిగించాలి. గ్రోమెట్ లేకుండా వట్టి రంధ్రంలో వదిలిన తీగను ఇంజిన్ అదురుకు రేకు అంచు రంపంలా కోస్తుంది. వారంటీలో ఉన్న కారు రేకును తొలవడం మాత్రం నాకు సమ్మతం కాదు.

కాబట్టి ప్రెషర్ సెన్సరు వంటి రెండు మూడు సన్నని తీగలకు బిరడా, అది లేకపోతే కంపెనీ గ్రోమెట్ మేలు. పెద్ద కనెక్టరు గల సెన్సరుకు బిరడా దొరకకపోతే, కోసి అతికిన తీగకంటే శుభ్రంగా తొలిచిన రంధ్రమే నమ్మదగినది.

ఏ దారిని ఎంచుకున్నా తీగ గ్రోమెట్‌లోకి పైనుండి దిగకూడదు. కిందికి చిన్న వంపు తిరిగి పైకి వచ్చి లోపలికి వెళితే, వాన నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. సందులు మూయడానికి ఘాటైన వెనిగర్ వాసన వేసే సిలికాన్ వాడరాదు. అది రాగిని తినేస్తుంది. చివరగా, రాత్రి వేళ ఒకరు బానెట్ కింద టార్చి వెలిగించి పట్టుకోగా మరొకరు డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూడాలి. వెలుతురు చుక్క కనిపించిన చోట నీరూ వస్తుంది, పొగా వస్తుంది.