స్మిత్ పిడికిలా, హికాక్ పిస్తోలా?

అమెరికాలో చిన్న ఊళ్ల పోలీసు చరిత్ర తిరగేస్తే మొదట్లో డిపార్ట్‌మెంట్ అంటూ ఏమీ కనబడదు. ఒక మార్షల్ (ఊరి పోలీసు అధికారి), ఒకరిద్దరు సహాయకులు, అంతే. కాన్సాస్ రాష్ట్రంలోని అబిలీన్‌దీ అదే కథ. 1867 నుంచి టెక్సాస్ పశువుల మందలు రైలెక్కేందుకు అక్కడికి వచ్చేవి. నెలల తరబడి దుమ్ములో మందను తోలుకొచ్చిన కుర్రాళ్ల జేబులో జీతం, నడుముకు తుపాకి, ఎదురుగా బార్లు. ఊళ్లో తుపాకులు పట్టుకు తిరగొద్దని బోర్డులు పెడితే ఆ బోర్డులనే కాల్చి తూట్లు పొడిచారు.

1870 జూన్‌లో టామ్ స్మిత్‌ను మార్షల్‌గా పెట్టుకున్నారు. నెలకు 150 డాలర్లు, శిక్ష పడిన కేసుకు మరో 2 డాలర్లు. బిగ్ హాంక్ అనే వాడు తుపాకి ఇవ్వనని మొండికేస్తే, స్మిత్ ఒక్క గుద్దుతో పడగొట్టి, తుపాకి లాక్కొని ఊరు వదిలి పొమ్మన్నాడు. ఆయన దగ్గరా పిస్తోలు ఉంది, కానీ ముందు పిడికిలే లేచేది. పైగా గుర్రమెక్కి వీధి నడిమధ్యన తిరిగేవాడు, అందరికీ కనిపించేలా.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వైల్డ్ బిల్ హికాక్ వచ్చాడు. జీతం అంతే, జరిమానాల్లో పావలా వాటా అదనం. గురి తప్పడన్న పేరు అప్పటికే ఉంది, ఆ పేరే సగం కాపలా కాసింది కూడా. మనిషి మాత్రం ఎక్కువగా అలామో బార్‌లో పేకాట దగ్గర ఉండేవాడు. అక్టోబర్ 5 రాత్రి ఫిల్ కో అనే జూదగాడితో కాల్పులు జరిగాయి. చీకట్లోంచి ఎవరో పరుగెత్తుకు రావడం చూసి హికాక్ అటూ కాల్చేశాడు. పడిపోయింది సాయానికి వస్తున్న సొంత సహాయకుడు మైక్ విలియమ్స్. డిసెంబర్‌లో కొలువు పోయింది.

నన్నడిగితే స్మిత్ పద్ధతే మేలు. గుద్దు తిన్నవాడు మర్నాడు లేచి వెళ్తాడు, తూటా తిన్నవాడు లేవడు. అయితే పిడికిలి పనిచేసేది నలుగురూ చూస్తున్న వీధిలోనే. 1870 నవంబర్ 2న ఊరి బయట, హత్య కేసు నిందితుడికి వారంటు ఇవ్వడానికి వెళ్లినప్పుడు వెంట వచ్చిన సహాయకుడు పారిపోయాడు. స్మిత్‌ను తుపాకితో కాల్చి, గొడ్డలితో నరికారు.

చివరికి ఊరివాళ్లు మార్షళ్ల సంగతి పక్కనపెట్టి, మందలను మా ఊరికి తేవొద్దని 1872లో టెక్సాస్ వాళ్లకు చెప్పేశారు. మందలు కాన్సాస్‌లోనే మరో ఊరైన ఎల్స్‌వర్త్ వైపు మళ్లాయి, గొడవలూ వాటి వెంటే వెళ్లాయి.