ఆరేళ్లు, మూడు లైఫ్ జాకెట్లు: చెరువులో చేపలు పట్టేవాడి అనుభవం

హుస్సేన్‌సాగర్‌లో బోటు షికారుకి పోయేటోళ్లకి ఇది పనికిరాదు, వాళ్లకి ఏ జాకెట్ అయినా సరిపోతుంది. నేను గంగపుత్రుల ఇంట్లో పుట్టినవాణ్ని. ఔటర్ రింగు రోడ్డుకి లోపల మిగిలిన చెరువుల్లో ఒకదాని మీద, మత్స్యకారుల సంఘం సభ్యుడిగా ఇరవై రెండేళ్లుగా చేపలు పడుతున్నాను. 2019 ఎండాకాలం దాకా బనియనూ నిక్కరూ తప్ప ఒంటి మీద ఏమీ లేకుండానే నీళ్లలోకి దిగాను. అప్పటినుంచి మూడు జాకెట్లు వాడాను. కంపెనీల పేర్లు రాయను. ఒకటి ఊరికే వచ్చింది, ఒకటి నన్ను మోసం చేసింది, ఒకటి ఇంకా మా ఇంట్లో మేకుకి వేలాడుతోంది.

మా పని ఎలా ఉంటుందో తెలియకపోతే జాకెట్ గురించి చెప్పినా అర్థం కాదు. మాకు పడవ లేదు. థర్మాకోల్ షీట్లు పేర్చి, పైన యూరియా సంచులు కుట్టి, తాడుతో బిగించిన తెప్ప ఉంది. దాని మీద కాళ్లు చాపి కూర్చుని, రెండు చేతుల్లో రెండు చెక్క పలకలు పట్టుకుని నీళ్లు తోసుకుంటూ పోతాం. పొద్దుగూకే ముందు వల కట్టి వస్తాం, తెల్లారుజామున నాలుగింటికి పోయి ఎత్తుతాం. పైన బెండ్లు, కింద సీసం గుండ్లు. వల నీళ్లలో గోడలా నిలబడి ఉంటుంది. బొచ్చె, రవ్వ, బంగారు తీగ దాని కన్నుల్లో తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కుంటాయి. ఒక చేత్తో వల లాగుతూ ఇంకో చేత్తో చేపను విడిపిస్తుంటే తెప్ప ఒక పక్కకి ఒరుగుతుంది. మనిషి నీళ్లలో పడేది అప్పుడే. మాలో చచ్చిపోయినవాళ్లెవరికీ ఈత రాక కాదు. నైలాన్ ఒంటిపోగు వల నీళ్లలో కంటికి కనపడదు, కాలికి చుట్టుకుంటే ఎంత తన్నుకుంటే అంత బిగుస్తుంది. చేపకి జరిగేదే మనిషికీ జరుగుతుంది.

మొదటి జాకెట్ ఒక శిబిరంలో పంచిపెట్టారు. నారింజ రంగు, ఛాతీ మీద రెండు దిమ్మలు, మెడ వెనక ఒకటి. అందరం ఫోటో దిగాం. ఇరవై మందిమి తెచ్చుకుంటే మర్నాడు వేసుకుని వచ్చింది నేనొక్కణ్నే. మా చిన్నాయన కట్ట మీద కూర్చుని, "ఏందిరా, పెండ్లికి పోతున్నవా?" అన్నాడు. ఆయన తప్పూ లేదు. మా సంఘంలో సభ్యత్వం రావాలంటే అధికారుల ముందు ఈత కొట్టి, వల విసిరి, వల అల్లి చూపించాలి. ఆ పరీక్ష నెగ్గినవాడు తేలడానికి ఇంకోటి తొడుక్కోవడమంటే నామోషీ. మా అమ్మ మాత్రం కొత్త వలకి పెట్టినట్టే దానికీ పసుపూ కుంకుమా పెట్టి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టింది. ఆ బొట్టు మరక చాలా రోజులు పోలేదు.

నిజానికి ఆ జాకెట్ పనికి అడ్డమే. ఛాతీ మీది దిమ్మ వల్ల ఒళ్లో ఉన్న వల కనపడదు. మెడ వెనక దిమ్మ తలని ముందుకి నెడుతుంది. వేలాడే పట్టీలూ బకిళ్లూ ఎన్ని ఉన్నాయో వల అన్నిసార్లు తగులుకుంటుంది. వారం రోజులు విసుక్కుని పట్టీల చివర్లు కోసేసి, మిగిలిన ముక్కల్ని లోపలికి మడిచి కుట్టాను. ఇది చదివేవాళ్లలో వల పని చేసేవాళ్లుంటే, ఏ జాకెట్ కొన్నా మొదట చేయాల్సిన పని ఇదే. జాకెట్‌కే వల చుట్టుకుంటే అది మనల్ని కాపాడదు, కట్టేస్తుంది.

ఇక 2020 అక్టోబర్ సంగతి. 13వ తేదీ రాత్రి కురిసిన వాన హైదరాబాద్‌లో ఎవరూ మరిచిపోరు. మా చెరువు నిండి మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లి బయటికి పోయే గోడ) దుంకింది. మత్తడి పోస్తే చేప నిలవదు, కొంత నీటితో పాటు కిందికి కొట్టుకుపోతుంది, కొంత ఎదురెక్కుతుంది. సంఘం చేప పిల్లల్ని వదిలి పెంచిన చేపంతా కళ్ల ముందే కాలువలో పడిపోతుంటే ఎవరూ ఇంట్లో కూర్చోరు. పదిహేనో తేదీ పొద్దున మత్తడి కింద నడుము లోతు నీళ్లలో నిలబడి విసురు వల వేస్తున్నాను. ఇంకా వేయడం తెలియనివాళ్లకి చెబుతున్నా: విసురు వల తాడు చివర ఎడమ మణికట్టుకి ఉచ్చు వేసుకుంటాం. తాత నేర్పిందే, నాన్న నేర్పిందే. వల చెయ్యి జారి పోకూడదని ఆ ఉచ్చు. మూడో విసురుకి వల కొట్టుకొచ్చిన తుమ్మకొమ్మకి తగులుకుంది. కొమ్మ కదిలింది. దానితో వల, వలతో తాడు, తాడుతో నేను.

ఎంత దూరం పోయానో తెలియదు, మా వాళ్లు వంద అడుగులంటారు. జాకెట్ తల పైకి పట్టుకుంది, నిజం. కానీ చెయ్యి కిందికి గుంజుతోంది. పైకి ఒకటి, కిందికి ఒకటి లాగుతుంటే మధ్యలో భుజం పోయినట్టే అనుకున్నాను. జాకెట్ కింద నడుము పట్టీ కట్టుకోలేదు, అది గడ్డం దాకా లేచి నోటికి అడ్డం పడింది. కుడిచేత్తో మొలకి ఉన్న కత్తి తీసి తాడు కోశాను. ఆ కత్తి చేపలు కోసేది, జాకెట్‌తో పాటు వచ్చింది కాదు. అందుకే ఎవరడిగినా ఒకటే చెబుతాను: మొదట కత్తి, ఆ తరవాత జాకెట్. ఆ రోజు నుంచి తాడుని మణికట్టుకి కట్టుకోవడం మానేశాను, వేళ్ల మధ్య మడతగా పట్టుకుంటాను, గట్టిగా గుంజితే జారిపోతుంది. తాత చూస్తే తిట్టేవాడేమో.

చిన్నాయన ఆ సాయంత్రం ఇంటికొచ్చి జాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

రెండోది 2021లో ఆన్‌లైన్‌లో కొన్నాను, 450 రూపాయలు. పల్చగా, తేలిగ్గా, పనికి అడ్డం లేకుండా ఉంది. నాలుగు నెలలు దాన్ని పొగుడుతూ తిరిగాను. లోపలి ఫోమ్ దాని మీద కూర్చున్నప్పుడల్లా నలిగి అట్టలా అయిపోతోందని తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందంటే, చేపలు తూచే ఇనుప రాయి వల్ల. మనిషి ఒళ్లు నీళ్లలో దాదాపు తేలుతుంది, ముక్కూ నోరూ బయట ఉండటానికి మూడు నుంచి ఐదు కిలోలు మోసే బలం చాలు. జాకెట్ మీద దాన్ని న్యూటన్లలో రాస్తారు, పది న్యూటన్లంటే కిలో బరువు అనుకోండి. నాదాని మీద 50 అని ఉంది, అంటే ఐదు కిలోలు. ఐదు కిలోల రాయి జాకెట్‌కి కట్టి తూము పక్క మడుగులో వదిలాను. నీళ్లలో ఇనుము కొంచెం తేలికవుతుంది, ఆ రాయి నిజంగా లాగేది నాలుగుంపావు కిలోలకి కాస్త పైన. అయినా జాకెట్ రాయితో సహా బుడుంగున మునిగింది. తమ్ముడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, నాలుగు నెలలు దాన్ని నమ్మి నడి చెరువులోకి పోయాను.

అప్పటినుంచి ఏడాదికి రెండుసార్లు, మృగశిర కార్తెకి ముందు, వానలు వెనకబట్టాక, రాయి కట్టి చూస్తాను. తక్కెడ ఉన్న ప్రతి ఇంట్లో చేయగల పని ఇది.

మూడోది 2022లో, 1,900 రూపాయలు. చిన్న పడవల్లో తెడ్డు వేసేవాళ్ల కోసం చేసిన రకం. ఇదీ 50 న్యూటన్లదే, కానీ ఫోమ్ మెత్తగా ఉండి నొక్కితే మళ్లీ లేస్తుంది. చంకల దగ్గర బాగా కోత ఉండటంతో చేతులు ఆడతాయి. వీపు కింది భాగం పొట్టిగా ఉండటంతో తెప్ప మీద కూర్చున్నప్పుడు పైకి తోసుకురాదు. బకిళ్లు లేవు, ముందు జిప్పు, పక్కన రెండు పట్టీలు. నాలుగో ఏడు నడుస్తోంది.

వంద న్యూటన్లది ఎందుకు కొనలేదని అడుగుతారు. అది స్పృహ తప్పినవాణ్ని కూడా వెల్లకిలా తిప్పి మొహం పైకి పెడుతుంది, ఇది తిప్పదు. కానీ దాని మెడ దిమ్మతో వల ఎత్తలేను, ఎత్తలేనిది వేసుకోను, వేసుకోనిది ఇంట్లో ఉండి లాభం లేదు. మా చిన్నాయనకి ఫిట్స్ ఉన్నాయి, ఆయనకి మాత్రం వందదే కొనిపెట్టాం. కల్లు తాగి తెప్ప ఎక్కేవాళ్లకీ అదే కొనండి. లేదా వాళ్లని ఎక్కనివ్వకండి, అది ఇంకా చవక.

ఇప్పుడు అసలు లోపం. జాకెట్ వేసుకుంటే మునగలేం. మా పనిలో మునగక తప్పని రోజులుంటాయి, హైదరాబాద్ చెరువుల్లో మరీ ఎక్కువ. వినాయకుల నిమజ్జనం అయిపోయాక మట్టి కరుగుతుంది, ప్లాస్టర్ పగులుతుంది, లోపలి ఇనుప చువ్వల చట్రం అడుగున నిలబడి ఉంటుంది. క్రేన్లు పెట్టి తీస్తారు, అన్నీ రావు. వల దానికి పట్టుకుంటే పైనుంచి ఎంత లాగినా రాదు, దిగి విడిపించాలి. ఎండాకాలం మట్టి తవ్వుకుపోయిన గుంతలు కొన్ని చోట్ల రెండు నిలువుల లోతుంటాయి. పైన గుర్రపు డెక్క, కింద మురుగు, చీకట్లో వల, చువ్వ. ఆ నీళ్లలోకి దిగే ముందు జాకెట్ విప్పి తెప్ప మీద పెడతాం. అంటే అన్నిటికంటే ప్రమాదమైన ఐదు నిమిషాల్లో అది ఒంటి మీద ఉండదు. ఏ కంపెనీ దీనికి మందు కనిపెట్టలేదు. నేను చేసుకున్న ఏర్పాటు ఒకటే: ఒంటరిగా ఉంటే దిగను, వల కోసేస్తాను. పోయిన ఏడాది అలా మూడుసార్లు కోశాను. వల కిలోల లెక్కన కొంటాం, కోసిన ప్రతిసారీ కడుపు మండుతుంది.

ఎండ గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక ఇది ఒంటి మీద ఉంటే కంబళి కప్పుకున్నట్టే. చెమటకాయలు పేలతాయి. నేను పది లోపే ఒడ్డుకొచ్చేస్తాను, అంతకు మించి చెప్పడానికి ఉపాయం లేదు.

మృగశిర ముందు రాత్రి వేరే కథ. జూన్ 8 దగ్గర పడుతోందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు కోసం జనం, రామ్‌నగర్ మార్కెట్‌లో కాలు పెట్టే సందు ఉండదు. లారీల్లో కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెలు దిగుతాయి. అయినా చెరువు చేప, అందులోనూ బతికున్న కొర్రమట్ట కావాలనేవాళ్లు మా కట్ట దాకా వస్తారు. ఏడాదిలో మాకు చేతి నిండా డబ్బు కనపడే రెండు రోజులు అవే. సరిగ్గా అప్పుడే ఈదురుగాలులు, పిడుగులు. ఆ రాత్రి ఎవరూ ఒడ్డున ఉండరు. పిడుగుకి జాకెట్ ఏం చేస్తుంది? కానీ గాలికి తెప్ప తిరగబడి ఇద్దరం విడిపోయినప్పుడు, దీని మీది మెరిసే పట్టీ తలలైటు వెలుగులో చాలా దూరం కనపడింది. భుజం దగ్గరి ఈల కూడా బాగా వినపడుతుంది. ముప్పై రూపాయల వస్తువే, నాకు మాత్రం జాకెట్‌లో బాగా నచ్చింది అదే.

చిన్న చిన్నవి: పొలుసు జిప్పులో ఇరుక్కుంటే పాత టూత్‌బ్రష్‌తో తీసి, కొవ్వొత్తి రుద్దాలి. చేప జిగురు వాసనకి ఎలుకలు వస్తాయి, మొదటి జాకెట్ మెడ దిమ్మని అవే తిన్నాయి. సర్ఫ్‌లో నానబెట్టకండి, మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. దాని మీద కూర్చోకండి. ఇది పిల్లలకి మరీ మరీ చెప్పాలి, మెత్తగా ఉందని పీటలా వేసుకుంటారు.

బీమా ఉంది కదా, జాకెట్ ఎందుకని సంఘంలో ఒకాయన వాదన. మత్స్య సంపద యోజన కింద ప్రమాదంలో పోతే 5 లక్షలు, అది ఇంట్లో వాళ్లకి. నేను అడిగేది నా సంగతి.

మొన్న మళ్లీ రాయి కట్టి చూశాను. తేలింది, కానీ కొన్నప్పటికంటే నాలుగు వేళ్లు కిందికి దిగింది. వానలు వెనకబట్టేలోపు మార్చాలి. "కొత్తది తెచ్చుకుంటే గీ పాతది నాకియ్యి అన్నా" అన్నాడు తమ్ముడు, ఆరేళ్లలో మొదటిసారి నోరు తెరిచి. పాతది ఇయ్యనన్నాను, వాడికీ కొత్తదే కొంటాను. వాడిది 46 ఛాతీ. ఆ కొలతలో వీపు పొట్టిగా, బకిళ్లు లేకుండా, రెండు వేల లోపు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందో వాడినవాళ్లు చెప్పండి.