40 వాట్ల లేజర్ మెషీన్ అంటే నమ్మి కొన్నాను, ఇల్లు తగలబడేది

మొన్న ఆదివారం సాయంత్రం మా మేడ మీద గదిలో మంట లేచింది. రెండు రోజులుగా కిటికీలన్నీ తీసే ఉంచినా పొగ వాసన పోలేదు. నా కోపమూ పోలేదు. వరస తప్పి రాస్తే ఏమీ అనుకోకండి.

నేను చెక్కతో రిటర్న్ గిఫ్టులు చేస్తాను. ఇన్నాళ్ళూ ముక్కలు బయట కోయించుకునేదాన్ని. వాళ్ళకి ఇవ్వగా నాకు మిగిలేది చాలా తక్కువ. అందుకే చీటీ పాడి, 24,000 పెట్టి చిన్న లేజర్ మెషీన్ కొన్నాను. అమ్మినతని పేరు రాయను. ఈ పనిలో ఉన్నవాళ్ళు అతని వీడియోలు చూసే ఉంటారు. కొనేముందు ఫోన్లో రెండే అడిగాను. 3 ఎం.ఎం. ప్లైవుడ్ తెగుతుందా? ఫొటోలో కనిపిస్తున్న గాలి పంపు కూడా ఇస్తారా? "40 వాట్లు మేడమ్, వెన్నలా తెగుతుంది. ఫొటోలో ఉన్నవన్నీ వస్తాయి" అన్నాడు.

పెట్టె విప్పితే పంపు లేదు. లేజర్ మూతికి తగిలించే చిన్న గొట్టం ఒక్కటే ఉంది. అడిగితే "3 ఎం.ఎం.కి గాలి అక్కర్లేదు మేడమ్" అన్నాడు. సరే అనుకున్నాను. అదే పనిగా అమ్మేవాడికి తెలియదా అనుకున్నాను. ప్లై తెగకపోతే మళ్ళీ అడిగాను. "స్పీడ్ 100కి తగ్గించండి, పవర్ ఫుల్ పెట్టండి" అని మెసేజ్ పెట్టాడు. తెగింది. కానీ అంచులు బొగ్గులా మాడిపోయాయి, పైన పొగ మరకలు. ఒక్కో ముక్కకీ ఉప్పు కాగితం రుద్ది రుద్ది నా వేళ్ళు అరిగిపోయాయి. "చెక్క కదా మేడమ్, అంతే ఉంటుంది" అన్నాడు దానికి కూడా.

బారసాలకి 150 ఉయ్యాల బొమ్మల ఆర్డర్ వచ్చింది. ఆదివారానికి 62 అయ్యాయి. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తొచ్చి కిందికి వెళ్ళాను. ఐదు నిమిషాలు, అంతే. మెషీన్ నడుస్తుండగా వదిలి వెళ్ళడం నా తప్పు. పూర్తిగా నా తప్పే. రెండు రాత్రులుగా అదే తలుచుకుంటూ నిద్ర పోలేదు, ఎందుకంటే సాయంత్రాలు మా పాప ఆ గదిలోనే బొమ్మలేసుకుంటుంది. ఆ రోజు పక్కింటికి ఆడుకోవడానికి వెళ్ళింది.

పైకి వస్తుంటే మెట్ల మీదే ఘాటు వాసన తగిలింది. రోజూ వచ్చే పొగ వాసన కాదు. తలుపు తీస్తే మెషీన్ కదలకుండా ఒకే చోట ఆగి ఉంది, నీలం వెలుగు మాత్రం అదే చోట పడుతూనే ఉంది. దాని కింద జానెడు మంట. ప్లై కింద చెక్క బల్ల, బల్ల పక్కన కర్టెన్. నాకు నోట మాట రాలేదు. ప్లగ్ పీకాను, బాత్రూంలో నానబెట్టిన దుప్పటి తెచ్చి పైన పడేశాను. కర్టెన్ అంచు కాలింది, బల్ల మీద అరచేయంత గుంట పడింది, లెన్స్ పగిలింది. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో రాయడానికి కూడా చేయి రావడం లేదు.

మా పిన్ని కొడుకు ఈసీఈ చదువుతున్నాడు. సోమవారం వచ్చి చూశాడు. లేజర్ డబ్బా పక్కన చిన్న స్టిక్కర్ ఉంది, నేను ఎప్పుడూ చూడలేదు. దాని మీద ఆప్టికల్ పవర్ 5 వాట్లు అని ఉంది. 40 అనేది మెషీన్ తీసుకునే కరెంటు లెక్కట. చెక్క మీద పడే వెలుగు 5 వాట్లే. అందుకే అంత నెమ్మదిగా నడపాల్సి వచ్చింది. నెమ్మదిగా నడిపితే వేడి ఒకే చోట నిలిచి, కోయాల్సిన గీత దాటి చుట్టూ మాడుస్తుందట. గాలి పంపు ఉంటే ఆ గాలి పొగనీ, పుట్టిన చిన్న మంటనీ అక్కడికక్కడే ఊదేస్తుంది. అది లేకపోతే మంటకి అడ్డే లేదు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. ఇలాంటి మెషీన్లని లోపలుండి నడిపే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాంలో 32వ నంబర్ సెట్టింగ్ లేజర్ మోడ్. అది 1 ఉండాలి. నా మెషీన్లో 0 ఉంది. దానికి తోడు ఎం3 కమాండ్‌తో, అంటే మెషీన్ కదిలినా ఆగినా లేజర్‌ని ఒకేలా వెలిగించి ఉంచే ఆదేశంతో నడుస్తోంది. అలా ఉంటే మధ్యలో కంప్యూటర్ నుంచి ఆదేశాలు ఆగిపోయినా లేజర్ ఆగదు. ఆదివారం జరిగింది అదే. నేను కింద ఉండగా లాప్‌టాప్ నిద్రలోకి వెళ్ళింది, మెషీన్ ఆగింది, లేజర్ ఒక్కచోటే కాలుస్తూ ఉండిపోయింది. లేజర్ మోడ్ పెట్టి, కదలికని బట్టి పవర్ మార్చే ఎం4 కమాండ్‌తో నడిపితే కదలిక ఆగగానే లేజర్ కూడా ఆరిపోతుందట. ఒక్క అంకె మార్చి పంపి, ఎం4 వాడమని ఒక్క మాట చెప్పాల్సిన పని. అది కూడా చేయలేదు అతను.

ఫోన్ చేశాను. మంట లేచిందని చెప్పగానే అతను అడిగిన మొదటి మాట, "మెషీన్ పనిచేస్తోందా?" మీకేమైనా అయిందా అని అడగలేదు. 40 వాట్ల సంగతి అడిగితే "అందరూ అలాగే రాస్తారు మేడమ్" అన్నాడు. పంపు గురించి అడిగితే ఫొటో నమూనాకి మాత్రమే అని కింద రాశాం అన్నాడు. లేజర్ మోడ్ ఎందుకు పెట్టలేదని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అన్నాడు: "ఇవన్నీ టెక్నికల్ మేడమ్, చెప్పినా మీకు అర్థం కాదు. ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి."

అరికాలి మంట నెత్తికెక్కింది. మా వారు పక్కనే ఉన్నారు. ఆ మెషీన్ స్విచ్ ఎటు ఉందో కూడా ఆయనకి తెలియదు. డబ్బు కట్టింది నేను, పెట్టె విప్పి బిగించింది నేను, తడి దుప్పటి వేసి మంట ఆర్పింది నేను. 24,000 పంపిన రోజు మగవాళ్ళకి ఫోన్ ఇవ్వమని అడగలేదే? అదే మాట అన్నాను. ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కలవడం లేదు. నష్టం ఎలాగో భరిస్తాను కానీ ఆ మాట మర్చిపోలేను.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు, మెసేజ్‌లు, అతని ప్రకటన స్క్రీన్‌షాట్లు దాచుకోబట్టి సరిపోయింది. మీరూ దాచుకోండి.

కొనాలనుకునేవాళ్ళు ఆప్టికల్ ఔట్‌పుట్ ఎంత అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. పంపు లేకుండా చెక్క కోయొద్దు. ఏమీ లేకపోతే చేపల తొట్టె పంపు పెట్టినా నయమే అంటున్నాడు తమ్ముడు. ఒక్కసారికే తెగాలని నెమ్మదిగా నడపకండి, స్పీడ్ పెంచి నాలుగైదు సార్లు పోనివ్వండి. ముందు తుక్కు ముక్క మీద చూసుకోండి. పైన పెయింటర్లు వాడే పేపర్ టేపు అంటిస్తే మరకలు దాని మీదే పడతాయి. ప్లైని బల్ల మీద నేరుగా పెట్టకుండా ఇనుప జాలీ మీద ఎత్తుగా పెట్టాలి. వాటర్‌ప్రూఫ్ ప్లై చవగ్గా మిగిలిందని తెచ్చి కోశాను నేను, దాంట్లో నల్లటి జిగురు లేజర్‌కి సరిగ్గా తెగక ఇంకా మాడుతుందట. పీవీసీ, రెక్సిన్ లాంటివి అసలు పెట్టకండి, విషవాయువు వస్తుంది. లాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చండి. పక్కన మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టుకోండి, పొడి రకం కొడితే మంట ఆరినా మెషీన్ పాడవుతుంది. మెషీన్ ఆగేవరకు గది వదలకండి, పాలు పొంగిపోతే పోనీయండి.

బారసాల వచ్చే ఆదివారం. ఇంకా 88 ముక్కలు కావాలి. గుంటూరు, విజయవాడల్లో ఎవరైనా గురువారంలోగా 3 ఎం.ఎం. మామూలు ప్లై కోసి ఇవ్వగలిగితే మెసేజ్ పెట్టండి. డిజైన్ ఫైల్ నా దగ్గరుంది, డబ్బు ముందే ఇస్తాను.