ట్రైటాన్ ఎక్స్-114: సీసాన్ని పట్టేస్తుంది, ఎండాకాలంలో మాత్రం ఏడిపిస్తుంది

కెమికల్ బాటిల్‌కి కూడా రివ్యూ ఏంటి అని నవ్వకండి, దీంతో ఏడాదిన్నర కాపురం చేశాను, ఆ మాత్రం హక్కుంది నాకు.

మాది హైదరాబాద్‌లో చిన్న ల్యాబ్, బోరు నీళ్లల్లో సీసం ఎంతుందో చూడటం నా ప్రాజెక్టు. ఐసీపీ-ఎమ్‌ఎస్ అనే ఖరీదైన, సున్నితమైన మెషీన్ కొనే స్తోమత లేదు, ఉన్నది ఫ్లేమ్ ఏఏఎస్ ఒక్కటే, అంటే శాంపిల్‌ని మంటలోకి పంపి లోహం ఎంతుందో చెప్పే మెషీన్. తాగునీటికి ఐఎస్ 10500 అనే మన దేశ ప్రమాణం పెట్టిన సీసం లిమిట్ లీటరుకి 0.01 మిల్లీగ్రామ్, అంటే 10 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో పది), ఆ లెవెల్లో నీళ్లు డైరెక్టుగా ఫ్లేమ్‌లోకి పంపితే మెషీన్ చెప్పేదానికీ సోదెమ్మ చెప్పేదానికీ పెద్ద తేడా ఉండదు. క్లోరోఫాంతో సీసాన్ని నీళ్లల్లోంచి లాగే పాత పద్ధతి ఉంది గానీ మధ్యాహ్నానికల్లా తల పగిలిపోయేది, అందుకే ఇది తెప్పించాం.

ఇదో సర్ఫాక్టెంట్, కుంకుడు రసానికి ఫ్యాక్టరీ చుట్టం అనుకోండి. తమాషా ఏంటంటే పంచదార వేడి చేస్తే ఇంకా కరుగుతుంది కదా, ఇది వేడెక్కితే నీళ్లని వదిలేసి విడిగా వచ్చేస్తుంది. ముందే ఏపీడీసీ అని లోహాన్ని పట్టుకునే కెమికల్ వేసి సీసాన్ని నీళ్లంటే గిట్టకుండా చేసి పెడితే అది మైసెల్స్‌లో, అంటే ఈ సర్ఫాక్టెంట్ అణువులు గుమిగూడి చేసే చిన్న ఉండల్లో దూరి దీంతో పాటే వచ్చేస్తుంది. 1978లోనే వతనాబే, తనాకా అని జపాన్ వాళ్లు వేరే సర్ఫాక్టెంట్‌తో జింక్ మీద ఇదే పని చేసి చూపించారు, కొత్త విద్యేం కాదు.

నేను చేసేది 50 ఎమ్‌ఎల్ శాంపిల్, పీహెచ్ సర్ది, ఏపీడీసీ, ఇది వేసి వాటర్ బాత్‌లో 45 డిగ్రీల దగ్గర పావుగంట, ఆపైన సెంట్రిఫ్యూజ్, ఆపైన ఐసులో. ఐసులో పెట్టాక ట్యూబు అడుగున పాకంలా గట్టిపడుతుంది, ట్యూబు బోర్లించినా జారదు, నీళ్లు మాత్రం పోతాయి, మొదటిసారి చూసినప్పుడు భలే ముచ్చటేసింది. దాన్ని నైట్రిక్ యాసిడ్ కలిపిన మెథనాల్‌తో 1 ఎమ్‌ఎల్ చేస్తే లెక్కకి యాభై రెట్లు చిక్కబడినట్టు. కానీ ఆ 1 ఎమ్‌ఎల్‌ని మెషీన్‌లో శాంపిల్‌ని తుంపరగా మార్చే నెబ్యులైజర్ పది పన్నెండు సెకన్లలో లాగేస్తుంది, రీడింగ్ మిస్సయితే మళ్లీ మొదటికే.

ఇక ఏడుపు. దీని క్లౌడ్ పాయింట్, అంటే తెల్లబడి నీళ్లనుంచి విడిపోవడం మొదలెట్టే వేడి, దాదాపు 23 డిగ్రీలు, మన మే నెలలో ల్యాబ్ బెంచి మీద ఎంతుంటుందో మీకు తెలుసు. పోయిన వేసవిలో 5 శాతం స్టాక్ బయటే వదిలేశా, దానంతటదే మజ్జిగలా తెల్లబడి విడిపోయింది, నేను చూసుకోకుండా పైన తేట తీసి వాడుకుంటూ పోయా, వారం రోజులు రికవరీ, అంటే వేసిన సీసంలో తిరిగి దొరికేది, సగం కూడా రాలేదు. ఏపీడీసీ మీద, మెషీన్ మీద, చివరికి జూనియర్ మీద కూడా అనుమానపడ్డా పాపం.

పైగా తేనెలా చిక్కగా ఉంటుంది, పిపెట్‌తో కొలవాలని చూడకండి, తూకం వేసుకోండి. గట్టిగా కలిపితే ఒకటే నురగ. సీసం లేని నీళ్లతో బ్లాంక్ తప్పకుండా పెట్టాలి, రీజెంట్లలో ఉన్న సీసం కూడా యాభై రెట్లు అవుతుంది కదా. స్టాండర్డ్స్ (సీసం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు) కూడా ఇదే దారిలో పంపండి, మామూలు నీళ్ల స్టాండర్డ్‌తో పోలిస్తే లెక్క తప్పుతుంది.

పేపర్లలో దీన్ని గ్రీన్ అని తెగ పొగుడుతారు, నాకైతే అంత నమ్మకం లేదు. ఇది విరిగితే వచ్చే ఆక్టైల్‌ఫినాల్ చేపల హార్మోన్లని పాడు చేస్తుందని యూరప్‌లో 2021 జనవరి నుంచి ఈ జాతి మొత్తానికి పర్మిషన్ రూలు పెట్టారు. క్లోరోఫాం కంటే నా ముక్కుకి నయం, అంతవరకే ఒప్పుకుంటా. మిగిలింది సింకులో పోయకుండా క్యాన్‌లో పడుతున్నాం.

దీని తోబుట్టువు ట్రైటాన్ ఎక్స్-100 చవగ్గా ఎక్కడైనా దొరుకుతుంది గానీ దానికి 65 డిగ్రీలు దాటాలి, ఆ వేడికి ట్యూబులు పట్టుకోలేక ఇటే వచ్చా. నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఆ ఐదోది ఇప్పుడు మా ఫ్రిజ్‌లో స్టాక్ బాటిల్‌కి చోటు లేదని రోజూ జరిగే గొడవకి కట్.