ఒక్క చుట్టకు ఒక గంట: విన్యాలెస్, హవానా యాత్రా అనుభవాలు

క్యూబాలో పొగాకు కోతలు సాగే ఫిబ్రవరి నెలలో నేను, నా మిత్రుడు విన్యాలెస్ లోయకు వెళ్ళాము. హవానాకు పడమరగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, పినార్ దెల్ రియో ప్రాంతంలో ఉన్న ఈ లోయను యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఎర్రమట్టి పొలాలు, వాటి మధ్య నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి గుట్టలు, తాటాకు పందిళ్ళను తలపించే పొగాకు కొట్టాలు ఎంత చూసినా తనివి తీరనివి. అయితే ఈ యాత్రలో నేను ప్రతి చోటునూ ఒకే కొలతతో కొలిచాను: ఒక చుట్టను దాని తీరులో, తొందర లేకుండా కాల్చుకునే వ్యవధిని అక్కడి వాళ్ళు మనకు ఇస్తున్నారా, లేదా?

ఆ కొలతకు మొదటి రోజే కారణమయింది. హవానాలో మేము మాట్లాడుకున్న ఒక యాత్రా సంస్థ, ఒకే రోజులో లోయ, గుహ, పొలం, భోజనం అన్నీ చూపిస్తామని తెల్లవారుజామునే బయలుదేరదీసింది. పరగడుపున చేరిన మాకు పొలంలో రైతు అప్పటికప్పుడు చుట్టిన చుట్టను, కొనను తేనెలో ముంచి చేతికిచ్చాడు. ఇరవై అయిదు నిమిషాల్లో బస్సు ఎక్కాలని గైడు హెచ్చరించడంతో, పారవేయడానికి మనసొప్పక దమ్ము మీద దమ్ము లాగాను. సగానికి వచ్చేసరికి చుట్ట వేళ్ళకు వేడిగా తగిలింది, నోరంతా చేదయింది, ఆపైన చెమటలు పట్టి, కడుపులో తిప్పి, కొట్టం నీడలో కూలబడ్డాను. తప్పు చుట్టది కాదు, రైతుది అసలే కాదు. ఖాళీ కడుపుతో వచ్చిన వాళ్ళ చేతికి గంటసేపు కాల్చవలసిన దాన్నిచ్చి, అరగంటైనా ఇవ్వని ఏర్పాటుదే. అందుకే ఒక్కరోజు యాత్రను నేను ఎవరికీ సిఫార్సు చేయను.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణం మానుకుని, ఊళ్ళో ఒక కాసా పర్తికులార్‌లో రెండు రాత్రులు ఉన్నాము. ప్రభుత్వ అనుమతితో కుటుంబాలు తమ ఇంట్లోనే గదులు అద్దెకిచ్చే పద్ధతి ఇది. గుమ్మం మీద నీలిరంగు గుర్తు ఉంటుంది. గది చిన్నది, నీళ్ళు సన్నగా వచ్చేవి, రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది. శాకాహారులకు అన్నం, నల్ల చిక్కుడు గింజలు, బొప్పాయి, జామ తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు. అయినా ఈ యాత్ర మొత్తంలో ఉత్తమమైన బస అదే, ఎందుకంటే ఆ ఇంటి వసారాలో రెండు ఊగుడు కుర్చీలు ఉన్నాయి, వాటిలోంచి మమ్మల్ని లేవమనే వాళ్ళెవరూ లేరు.

రాత్రి భోజనం అయ్యాక పొరుగున ఉండే వృద్ధ రైతు వచ్చి కూర్చున్నాడు. ఇంటివారి అమ్మాయి ఆయన మాటలను ఇంగ్లీషులో చెప్పింది. ఆయన చుట్ట కొనను మంటకు ఆనించకుండా కాస్త ఎడంగా పట్టుకుని, తిప్పుతూ అంచంతా ఎర్రబడేవరకు కాచి, అప్పుడు నోట పెట్టుకున్నాడు. ఒక దమ్ము, తరువాత చాలాసేపు మాటలు, మళ్ళీ ఒక దమ్ము. చేతి గడియారం చూసుకుంటే ఒక్కో దమ్ముకు ఇంచుమించు నిమిషం ఎడం ఉంది. దాలిలో పెట్టిన పాలు ఎందుకు కమ్మగా, ఎర్రగా కాగుతాయో తెలిసిన వాళ్ళకు ఇందులోని కిటుకు చెప్పనక్కరలేదు. వెంటవెంటనే లాగితే గాలి ఎక్కువ తగిలి నిప్పు రాజుకుంటుంది, ఆకులోని నూనెలు మాడుతాయి, ఆ మాడు తారుతో కలిసి నోటికి చేదుగా వస్తుంది. మరీ ఆలస్యం చేస్తే ఆరిపోతుంది. ఆరిపోయినా కంగారు పడనక్కరలేదని, నుసి రాల్చి, లోపల నిలిచిన పొగను ఒకసారి బయటికి ఊది, మళ్ళీ ముట్టించుకోమని ఆయన చేసి చూపించాడు. నుసిని మాటిమాటికీ దులపలేదు. వేలి కణుపంత పెరిగి తానే వదులయ్యేదాకా ఉంచాడు, అది నిప్పుకు గాలి తగ్గించి చుట్టను చల్లగా ఉంచుతుందట.

కోనసీమలో మా తాతయ్య లంక పొగాకు చుట్టతో అరుగు మీద కూర్చున్న తీరు ఆ రాత్రి నాకు కళ్ళకు కట్టింది. ఆయన కూడా భోజనం కాకుండా చుట్ట ముట్టించేవారు కాదు, ఆ పూట చుట్ట అయ్యేదాకా లేచేవారు కాదు. ఒక మాట దాచకుండా చెప్పాలి: పొగను గుండెల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర నుంచే రక్తంలో కలుస్తుంది, నోటి క్యాన్సర్ ముప్పు ఉండనే ఉంటుంది. తీరప్రాంతపు పల్లెల్లో అడ్డపొగ, అంటే నిప్పు కొనను నోట్లో పెట్టుకుని చుట్ట, తాగిన ఆడవాళ్ళ అంగిళ్ళు ఏమయ్యాయో మనవాళ్ళకు తెలుసు. నిదానం రుచిని కాపాడుతుందే గాని ఒంటిని కాపాడదు. నేను ఏడాదికి మూడు నాలుగుకు మించి కాల్చను.

హవానాలో ఒక కర్మాగారం చూశాము. చుట్టేవాళ్ళు వరుసల్లో పని చేస్తుంటే ఒకరు ఎత్తైన పీట మీద కూర్చుని పత్రిక చదివి వినిపించే ఆచారం 1865 నుంచీ ఉంది. లోపలి ఆకును మరీ బిగించి చుడితే దమ్ము గట్టిగా లాగవలసి వస్తుందని, వదులుగా చుడితే గబగబా కాలిపోతుందని అక్కడే తెలిసింది. అంటే మన నిదానం సగం వాళ్ళ వేళ్ళలోనే ఉంది. చూపించినవారు ఓపికగా చెప్పారు, టికెట్టు డబ్బుకు న్యాయం జరిగింది.

మేము దిగిన హోటల్లోని పొగతాగే గది మాత్రం నిరాశపరిచింది. ఇరుకుగా ఉంది, ఏసీ గాలి నేరుగా మీద పడి చుట్ట ఒకవైపే కాలింది, మా వెనుక మరొకరు కుర్చీ కోసం నిలబడ్డారు. దానికి బదులు 1930లో తెరిచిన నేషనల్ హోటల్ తోటకు వెళ్ళండి. అక్కడ బస చేయకపోయినా మేము కాఫీ తీసుకుని సముద్రానికి ఎదురుగా సాయంత్రమంతా కూర్చున్నాము. కాఫీ ధర బయటికంటే బాగా ఎక్కువే, వడ్డన ఆలస్యమే. ఈ ఒక్క పనికి ఆ ఆలస్యం నాకు మేలే చేసింది. సముద్రపు గాలికి నిప్పు త్వరగా రాజుకుంటుంది కాబట్టి గట్టు అంచున కాక, వరండా వైపు కుర్చీ ఎంచుకోవాలి. అక్కడ అయిదు అంగుళాలైనా లేని, రోబుస్తో అనే పొట్టి లావు చుట్ట నాకు ఒక గంటా అయిదు నిమిషాలు వచ్చింది. మూడోవంతు మిగిలినప్పుడు ఘాటు పెరగడంతో దమ్ముల ఎడం ఇంకా పెంచాను. చివర నలిపి ఆర్పలేదు. పళ్ళెంలో పెట్టి వదిలేస్తే వాసన లేకుండా తానే ఆరింది.

మళ్ళీ వెళ్ళే వీలు కలిగితే హవానాలో రెండు రాత్రులు తగ్గించి విన్యాలెస్‌కు కలుపుతాను, గది అడిగే ముందు వసారా ఉందా అని అడుగుతాను.