డీడీఆర్5 ర్యామ్: రెండేళ్లు వాడాక నా మాట

2023లో ఏఎండీ కంపెనీ రైజెన్ 7600 ప్రాసెసర్ కొన్నాను. అది కూర్చునే ఏఎం5 మదర్‌బోర్డులకు కొత్త తరం ర్యామ్ అయిన డీడీఆర్5 తప్ప వేరేది పనికిరాదు. అందుకే నాలుగేళ్లు వాడిన పాత తరం డీడీఆర్4 ర్యామ్‌ను (స్పీడు 3200, సీఎల్16) పక్కన పెట్టి, 16 జీబీ డీడీఆర్5 స్టిక్కులు రెండు (స్పీడు 6000, సీఎల్30) తీసుకున్నాను. డబ్బు కట్టేటప్పుడు కూడా మనసులో ఒకటే అనుమానం: సీఎల్ 16 నుంచి 30కి పోతున్నాను, ఇది నెమ్మదిగా ఉండదు కదా?

ఉండదు. సీఎల్ అంటే అడిగిన డేటా రావడం మొదలవడానికి ర్యామ్ తీసుకునే క్లాక్ సైకిళ్ల (దాని పని అడుగుల) లెక్క, సమయం కాదు. సీఎల్‌ను 2000తో గుణించి, ర్యామ్ స్పీడుతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. నా పాత ర్యామ్‌కు 10, కొత్తదానికీ 10. అంతకు ముందున్న డీడీఆర్3 1600 సీఎల్9కి 11.25. అంటే మొదటి డేటా అందే సమయం ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. ఒకేసారి వచ్చే డేటా మాత్రం బాగా పెరిగింది. చవకగా దొరుకుతుందని 4800 సీఎల్40 తీసుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. దాదాపు 16.7 నానోసెకన్లు వస్తుంది.

మొదటిసారి ఆన్ చేసిన రోజు మాత్రం చాలా టెన్షన్ పడ్డాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మీద ఏమీ లేదు. కొన్ని నిమిషాలు అలాగే ఉంది. అది మెమరీ ట్రైనింగ్, అంటే కొత్త ర్యామ్‌తో బోర్డు తనను తాను సర్దుకోవడం, అని తర్వాత తెలిసింది. మీకూ అలా అయితే కంగారుపడి పవర్ తీసేయకండి, ఆగండి. తర్వాత బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి, ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడుకు నడిపే ఎక్స్‌పో అనే సెట్టింగు ఆన్ చేయాలి. చేయకపోతే 6000 ర్యామ్ కూడా 4800 దగ్గరే నడుస్తుంది. నాది మొదటి వారం అలాగే నడిచింది.

వాడకంలో తేడా పెద్ద జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు, కోడ్ కంపైల్ చేసేటప్పుడు తెలుస్తుంది. బ్రౌజర్, ఆఫీసు పనుల్లో నాకు ఏమీ కనిపించలేదు.

నాకు నిజంగా బాధ కలిగించింది ఒక్కటే. నిరుడు 64 జీబీ కోసం అవే స్టిక్కులు ఇంకో రెండు కొని పెట్టాను. నాలుగూ కలిసి 6000 దగ్గర నిలబడలేదు, విండోస్ మాటిమాటికీ క్రాష్ అయ్యేది. ఈ ప్రాసెసర్‌కు నాలుగు స్టిక్కులతో కంపెనీ హామీ ఇచ్చే స్పీడు 3600 మాత్రమే. చివరికి నాలుగూ అమ్మేసి 32 జీబీవి రెండు కొన్నాను. ఎంత ర్యామ్ కావాలో ముందే తేల్చుకుని, రెండు స్టిక్కులుగానే కొనండి. వాటిని ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టండి.