లియోనా, మాంట్రియలా? ఫ్రెంచ్ ఎప్పుడు అడుగుతారన్నదే అసలు లెక్క

మొన్న దసరాకి ఫోన్ చేస్తే మా పిన్ని కొడుకు ఒకటే ప్రశ్న. "అన్నయ్యా, అమెరికా వీసా టెన్షన్ ఇంక నా వల్ల కాదు. నీ దగ్గరికి రానా, మాంట్రియల్ పోనా?" వాడు బీటెక్ చేసి గచ్చిబౌలిలో రెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు. నేను ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మాస్టర్స్ చేసి ఇక్కడే ఉండిపోయాను. మా తోడల్లుడు పెళ్లాం పిల్లలతో కెనడాలోని మాంట్రియల్‌లో ఉంటాడు. రెండిళ్ల కష్టసుఖాలూ తెలిసినవాణ్ణే, కానీ అరగంట ఫోన్‌లో తేలే విషయం కాదు. అందుకే రాస్తున్నాను.

రెండు చోట్లా ఫ్రెంచ్ ముక్క రాకుండానే దిగొచ్చు. రెండు చోట్లా ఫ్రెంచ్ రాకుండా ఉండిపోవడం కష్టం. ఆ బాకీ ఎప్పుడు వసూలు చేస్తారన్న దగ్గరే తేడా.

ముందు డబ్బు సంగతి. ఫ్రాన్స్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఐరోపా బయటి నుంచి వచ్చే విద్యార్థులకు 2019లో ఫీజు పెంచారు. పెంచాక కూడా మాస్టర్స్‌కి ఏడాదికి 3,770 యూరోలు. తర్వాత ఏటా కొద్దికొద్దిగా పెరిగినా నాలుగు వేల దరిదాపుల్లోనే ఉంది, అంటే మన లెక్కలో నాలుగు లక్షల పైచిలుకు. ఆ పెంపును మాఫీ చేసి వందల యూరోలే తీసుకునే యూనివర్సిటీలూ ఉన్నాయి. మాంట్రియల్‌లో ఇంగ్లీషు యూనివర్సిటీకి వెళ్తే ఏడాదికి ఇరవై వేల కెనడా డాలర్లు దాటడం మామూలే. మా మరదలి చదువు అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది.

అయితే ఫ్రాన్స్ చవక అనగానే కన్సల్టెన్సీలు చూపించేవి ఆ ప్రభుత్వ యూనివర్సిటీలు కావు. పారిస్ పేరు తగిలించుకున్న ప్రైవేటు స్కూళ్లు. ఫీజు లక్షల్లో ఉంటుంది, చాలాచోట్ల చేతికొచ్చేది 'ఆర్‌ఎన్‌సీపీ టైటిల్' అనే వృత్తి పత్రం. దాన్ని ప్రభుత్వం నమోదు చేసుకుంటుంది, కానీ అది మాస్టర్స్ డిగ్రీతో సమానం కాదు. నాతోపాటు దిగినవాళ్లలో ఇద్దరికి ఈ తేడా చదువయ్యాక తెలిసింది. చదువు తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే పర్మిట్ సాధారణంగా మాస్టర్స్ స్థాయి గుర్తింపు ఉన్న డిగ్రీకే వస్తుంది. భారతీయులకైతే రెండు దేశాల ఒప్పందం వల్ల అది రెండేళ్ల దాకా దొరుకుతుంది. వాళ్లకి రాలేదు. కాబట్టి స్కూల్ పేరు, ర్యాంకు ఎలా ఉన్నా, ఆ కోర్సుకి 'గ్రాద్ ద మాస్టర్' ఉందా అని ముందు అడగాలి.

పార్ట్‌టైం పనికి ఫ్రాన్స్‌లో ఏడాదికి 964 గంటలు అనుమతి. కనీస వేతనానికి అన్ని గంటలూ చేసినా చేతికి తొమ్మిది వేల యూరోలొస్తాయి. అది తిండికి, గదికి కష్టమ్మీద సరిపోతుంది గానీ అప్పు తీరదు. కెనడాలో క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 24 గంటలు చేసుకోవచ్చు, మాంట్రియల్‌లో గంటకు 16 డాలర్లు దాటి ఇస్తారు. మాస్టర్స్ అయ్యాక మామూలుగా మూడేళ్ల వర్క్ పర్మిట్. ఇక్కడ మాంట్రియల్‌దే పైచేయి.

అసలు కథ కాగితాల దగ్గర మొదలవుతుంది. కెనడాతో చేసుకున్న 1991 ఒప్పందం ప్రకారం, ఉద్యోగాల కోసం వచ్చేవాళ్లలో శాశ్వత నివాసానికి ఎవరు కావాలో మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రం తనే ఎంచుకుంటుంది. మిగతా కెనడాకి పనికొచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పాయింట్ల పద్ధతి, క్యూబెక్‌లో స్థిరపడతానంటే పనిచేయదు. అక్కడ చదివి, ఫ్రెంచ్ నేర్చుకున్నవాళ్లకి పీఈక్యూ అనే దగ్గరి దారి ఉండేది. దాన్నే నమ్ముకుని మా తోడల్లుడి స్నేహితులు రాత్రుళ్లు కూర్చుని ఫ్రెంచ్ చదివారు. 2025 నవంబరులో దాన్ని మూసేశారు. దాని బదులు పాయింట్లు లెక్కగట్టి పిలిచే పద్ధతి వచ్చింది. పిలుపు వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో మన చేతిలో లేదు. నడుస్తున్న ఆటలో రూలు మార్చడం నాకైతే అన్యాయమనే అనిపించింది.

ఫ్రాన్స్‌లో రూలు తక్కువసార్లు మారుతుంది, మారితే మాత్రం గట్టిగానే. 2024 చట్టం వల్ల 2026 జనవరి నుంచి పదేళ్ల రెసిడెంట్ కార్డుకి బీ1 (మధ్యస్థ) స్థాయి ఫ్రెంచ్, పౌరసత్వానికి దానిపై మెట్టు బీ2 కావాలి. బీ2 అంటే కూరగాయల బేరం కాదు, వార్త చదివి నీ అభిప్రాయం వాదించగలగాలి. కానీ ఒక లాభముంది. ఇక్కడ రెండేళ్లు ఉన్నత చదువు చదివి పట్టా తెచ్చుకున్నవాళ్లకి పౌరసత్వానికి అడిగే అయిదేళ్ల నివాసం రెండేళ్లకు తగ్గుతుంది. కార్డు మార్పించుకోవడం వేరే పురాణం. ఒకసారి నా పాత కార్డు గడువు దాటిపోయినా ప్రభుత్వ ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరకలేదు. తాత్కాలిక కాగితం వచ్చేదాకా ఇండియా టికెట్ బుక్ చేసుకోలేకపోయాను, మేనమామ కూతురి పెళ్లి వీడియోలో చూశాను.

మూడో దారీ ఉంది, విన్నవాళ్లు నవ్వుతారు. ఫ్రెంచ్ బాగా నేర్చుకుని ఫ్రెంచ్ మాట్లాడని చోటికి వెళ్లడం. క్యూబెక్ బయట ఫ్రెంచ్ వచ్చినవాళ్లు పెరగాలని కెనడా 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వాళ్లకి విడిగా డ్రాలు, అంటే పాయింట్లు ఎక్కువున్నవాళ్లని పిలిచే విడతలు, తీస్తోంది. 2025 మార్చిలో ఒక డ్రాలో 379 పాయింట్లున్నవాళ్లని కూడా పిలిచారు. అక్కడే పనిచేస్తూ ఇంగ్లీషు మీద ఆధారపడినవాళ్లకి అప్పట్లో అయిదు వందలు దాటినా చాలడం లేదు. ఫ్రెంచ్ చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగింటిలోనూ కెనడా కొలమానంలో ఏడో స్థాయి రావాలి. కేవలం పీఆర్ (శాశ్వత నివాసం) కోసమే అయితే, ఇంట్లో కూర్చుని టీఈఎఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షకి ఏడాదిన్నర కష్టపడటం అన్నిటికంటే చవక బేరం. కాకపోతే అదీ డ్రాల దయే.

సరే, బతుకు సంగతి. లియోన్‌లో పొరుగువాళ్లు, డాక్టరు, బ్యాంకు అంతా ఫ్రెంచే. మొదటి ఏడాది నోరు లేనివాడిలా తిరిగాను, కానీ ఆ ఇబ్బందే నాకు భాష నేర్పింది. మాంట్రియల్‌లో ఇంగ్లీషుతో రోజులు గడిచిపోతాయి. అదే మోసం. మా తోడల్లుడు ఆరేళ్లు 'బోంజూర్, హాయ్'తో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాక క్రియారూపాలు బట్టీ పడుతున్నాడు. క్యూబెక్ ప్రభుత్వం క్లాసులు ఉచితంగానే చెప్పిస్తుంది, తీరికే దొరకదు.

పిల్లలుంటే లెక్క మారుతుంది. 1977 నాటి భాషా చట్టం ప్రకారం క్యూబెక్‌లో వలస వచ్చినవాళ్ల పిల్లలు ఫ్రెంచ్ బడికే వెళ్లాలి. తాత్కాలిక పర్మిట్ మీద ఉన్నవాళ్లకి ఇంగ్లీషు బడి మినహాయింపు మూడేళ్లే. మా మరదలి కూతురు ఇప్పుడు వాళ్ల నాన్న ఫ్రెంచ్‌ని సరిదిద్దుతోంది. సబ్సిడీ డేకేర్ రోజుకు పది డాలర్ల లోపే, అయితే సీటు దొరకాలి. ఫ్రాన్స్‌లో మూడేళ్లు నిండగానే బడి, ఉచితం.

ఒంట్లో బాగోలేకపోతే మాత్రం నేను ఫ్రాన్స్ వైపే. మామూలు డాక్టరు ఫీజు 30 యూరోలు, దాదాపు 70 శాతం ప్రభుత్వ బీమా తిరిగిస్తుంది, విదేశీ విద్యార్థికి కూడా. క్యూబెక్‌లో భారతీయ విద్యార్థి ప్రైవేటు బీమా కొనుక్కోవాలి. పీఆర్ వచ్చినవాళ్లకీ మూడు నెలల దాకా ఆగాల్సి రావచ్చు, ఆ తర్వాత ఫ్యామిలీ డాక్టరు కోసం మరో నిరీక్షణ.

ఇల్లు దొరకడం మాంట్రియల్‌లో తేలిక. ఓనరు డిపాజిట్ అడగడం అక్కడ చట్టవిరుద్ధం. మొదటి నెల అద్దె ఇస్తే చాలు. జులై 1న సగం ఊరు సోఫాలు మోసుకుంటూ ఇళ్లు మారడం చూడాల్సిందే. ఫ్రాన్స్‌లో జీతం స్లిప్పులున్న హామీదారు కావాలంటారు. ముప్పై ఏళ్ల దాకా వయసున్నవాళ్లకి విజాల్ అనే ఉచిత హామీ ఉంది, అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అప్లై చెయ్యాలి. చలి గురించి చెప్పేదేముంది. మాంట్రియల్ జనవరిలో మైనస్ ఇరవై మామూలే. లియోన్‌లో మంచు పడితే ఫోటోలు తీసుకుంటాం. కరివేపాకు కోసం మాత్రం నేను పారిస్ వెళ్లినప్పుడల్లా లా షపెల్‌లో తమిళుల కొట్లకి వెళ్తాను. తోడల్లుడికి మాంట్రియల్‌లోనే పార్క్ ఎక్స్‌టెన్షన్ అనే పేటలో అన్నీ దొరుకుతాయి. అమ్మతో మాట్లాడాలంటే నాకు సాయంత్రం ఆఫీసు అయ్యాక కూడా వీలు, వాళ్లకి అప్పటికి ఇండియాలో తెల్లవారుజాము.

ఇంతకీ వాడికేం చెప్పానంటే, పెళ్లి కాలేదు, చేతిలో ఎనిమిది లక్షలున్నాయి, అప్పు చేసే ధైర్యం లేదు, కాబట్టి ఫ్రాన్స్. అదీ ప్రభుత్వ యూనివర్సిటీ అయితేనే, ఇంకో ఏడాది ఆగి హైదరాబాద్ అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో బీ1 చేసి వస్తేనే. అదే వాడికి అయిదేళ్ల అనుభవం, భార్య, బడికెళ్లే పిల్ల ఉండి ఉంటే కెనడా అనేవాణ్ణి. మాంట్రియలా, ఇంకో ఊరా అన్నది టీఈఎఫ్ మార్కులు చూశాక తేల్చుకోమనేవాణ్ణి.

వాడు క్లాసులో చేరాడు. మనకి చివర అచ్చు లేనిదే మాట ముగియదు, వీళ్లు చివరి హల్లునే మింగేస్తారు, కాబట్టి పలకడం సులువుగానే వస్తోందట. చిక్కంతా అంకెల దగ్గరే. ఇక్కడ ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా చెబుతారు. తొంభై ఏడంటే నాలుగు ఇరవైలు, పది, ఏడు. బెల్జియం వాళ్లు తొంభైకి విడిగా మాట పెట్టుకున్నారని చెప్పాను. "అయితే బెల్జియం ఎలా ఉంటుంది అన్నయ్యా?" అంటున్నాడు.